తిరుపతిలో ఇల్లుంటే ఇంక ఆదివారం ఉండదా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

మిద్దెమీద_ఇద్దరం:

మాది బైరాగిపట్టెడలో మిద్దె మీద అద్దె ఇల్లు. రెండు బెడ్‌రూములు, హాలు, వంటిల్లు. ఉండేది నేనూ మా ఆయనా. పెళ్ళయి మూడేళ్ళు, పిల్లలు ఇంకా లేరు (దాని మీద సలహాలు వద్దు దయచేసి). నాది మదనపల్లె దగ్గర, ఆయనది తెనాలి వైపు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని, ఆయన మందుల రెప్రజెంటేటివ్, వారమంతా చిత్తూరు, పీలేరు, శ్రీకాళహస్తి అని బండి మీద తిరుగుతూనే ఉంటారు. ఇద్దరం కలిసి ఇంట్లో ఉండేది ఒక్క ఆదివారం.

ఆ ఆదివారమే లేకుండా పోయింది. రెండు నెలల్లో ఏడు బ్యాచ్‌లు వచ్చారు. నేనేం లెక్క రాసుకోలేదు, పాల కార్డు చూస్తే తెలిసిపోతుంది. మామూలు రోజు రెండు అర లీటరు ప్యాకెట్లు, చుట్టాలున్న రోజు ఎనిమిది. అందరూ ఆయన వైపు వాళ్ళే. మా వాళ్ళకి తిరుపతి దగ్గర కాబట్టి పొద్దున బస్సెక్కి రాత్రికి ఇల్లు చేరుకుంటారు, ఆ పుణ్యం వాళ్ళది.

పోయిన శనివారం సంగతి చెప్తాను. సాయంత్రం ఐదుకి ఫోన్, "అమ్మాయ్, బయల్దేరాం, ఎక్కువమంది లేరులే, ఏడుగురం" అని. రాత్రి ఒకటిన్నరకి దిగారు. ఉప్మా చేసి పెట్టి పరుపులు పరిచేసరికి రెండున్నర. వాళ్ళ దర్శనం స్లాటు పొద్దున్నే, కాబట్టి మూడున్నరకే లేచి స్నానాలు. ఏడుగురి స్నానాలకి సంపు ఖాళీ. కింద ఇంటి ఓనరు ఆంటీ గేటు దగ్గర నిలబడి మాట్లాడలేదు గానీ ఆ చూపుంది చూశారూ, ఆ చూపుకి సమాధానంగా ట్యాంకరు డబ్బులు మేమే ఇచ్చాం. సాయంత్రం ముగ్గురు గుండ్లతో దిగొచ్చి గంధం అడిగారు, ఇంట్లో ఉన్న గంధం డబ్బా ముగ్గురు తలలకీ సరిపోయింది, అదొక్కటే ఆ రోజు సరిపోయింది. ఒకాయన చెప్పులు కొండ మీద పోయాయని మా ఆయన చెప్పులు వేసుకుని ఊరెళ్ళిపోయారు.

వాళ్ళంటే కోపం లేదు. మంచివాళ్ళు. ఆయన చిన్నప్పుడు ఫీజులు కట్టిన వాళ్ళు కూడా ఉన్నారు అందులో, అందుకే ఆయన నోట వద్దు అనే మాట రాదు, పైగా ఫోన్ పెట్టేసే ముందు "ఇంకెవరైనా వస్తే తీసుకురండి" అంటారు, అలవాటుగా. నా బాధ వేరే. మా బెడ్‌రూములు రెండూ వాళ్ళకిచ్చి మేం హాల్లో పడుకుంటాం. ఇద్దరం ఏదైనా మాట్లాడుకోవాలంటే వంటింట్లో గ్రైండర్ ఆన్ చేసి గుసగుసగా మాట్లాడుకుంటున్నాం. మొన్న ఆ గ్రైండర్ శబ్దంలో ఆయన నాకేదో చెప్పారు, నాకు వినబడలేదు, మళ్ళీ అడిగితే "ఏం లేదులే" అన్నారు. అది నాకు వారమంతా గుచ్చుకుంటూనే ఉంది.

ఇంతకుముందు మాకని కొన్ని ఉండేవి. ఆదివారం సాయంత్రం మిద్దె మీద చాప వేసుకుని, బొరుగుల్లో ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ తరుక్కుని తింటూ, చీకటి పడి ఘాట్ రోడ్డు లైట్లు ఒక్కొక్కటే వెలుగుతుంటే చూడటం. వానలప్పుడు కపిలతీర్థం వెళ్ళి జలపాతం కింద కాకపోయినా తుంపర పడేంత దగ్గరలో నిలబడటం. పెద్ద సరదాలేం కావు, కానీ మావి. అన్నట్టు మేమిద్దరం కలిసి కొండెక్కి ఏడాది దాటింది. ఊళ్ళో అందర్నీ కొండకి పంపేది మేమే, మేం మాత్రం వెళ్ళం.

మనసులు నొచ్చుకోకుండా దీన్ని ఎలా సర్దుకోవాలి? లేక నేనే మరీ స్వార్థంగా ఆలోచిస్తున్నానా? నిజం చెప్పండి.

తోపుబండి_టీ:

మీ ఆయన ఫోన్ శుక్రవారం సాయంత్రం నుంచి మీ దగ్గర పెట్టుకోండి అక్కా. ఇదొక్కటే మందు.

కొర్లగుంట_పెద్దమ్మ:

చూడమ్మా, నేను ఈ ఊరికి కోడలిగా వచ్చి ముప్పై ఎనిమిదేళ్ళు. అప్పుడు ఫోన్లు కూడా లేవు, మనిషి ఇంటికొచ్చి అన్నం తిని చెయ్యి కడుక్కునే వేళకి "వస్తున్నాం" అని రాసిన కార్డు వచ్చేది. ఒక బ్రహ్మోత్సవాలకి మా రెండు గదుల ఇంట్లో పద్నాలుగు మంది పడుకున్నారు, నేను పొయ్యి పక్కన పడుకున్నా. కాబట్టి నువ్వు స్వార్థం అనుకోవాల్సిన పనేం లేదు, అలసిపోయావు, అంతే.

నాకు తెలిసింది చెప్తా, పనికొస్తే తీసుకో. చుట్టాలు మనల్ని అలిసిపోయేట్టు చెయ్యరు, మనమే అలిసిపోతాం, ఏడుగురికి మూడు పూటలా వేడిగా పెట్టాలని. కొండకి పోయేవాళ్ళకి పొద్దున టిఫిన్ ఎందుకు? సగం మంది దర్శనం అయ్యేదాకా తినరు. దర్శనం అయినాక పైన వెంగమాంబ అన్నదాన సత్రం ఉండనే ఉంది, వేడి అన్నం పెడతారు, అక్కడ తినడం ప్రసాదం కూడా. నువ్వు చెయ్యాల్సింది రాత్రి ఒక్క పూట భోజనం. దానికి కూడా పులిహోర గుజ్జు చేసి సీసాలో పెట్టుకో, చింతపండు బాగా ఉడకనిచ్చి నూనె తేలేదాకా కాస్తే చాలా రోజులు చెడదు. అన్నం వండి కలిపేస్తే ఎంతమందికైనా పది నిమిషాల పని. పెరుగు, ఊరగాయ ఉంటే చాలు. రాత్రి ఒకటిన్నరకి ఉప్మా కలిపే రోజులు పోతాయి.

నీళ్ళ సంగతి. వాళ్ళు వచ్చే ముందే ఒక డ్రమ్ము పట్టి బాత్‌రూములో పెట్టి చెంబు ఇవ్వు. ట్యాపు తిప్పి వదిలేస్తే సంపు ఒక్క గంటలో పోతుంది, చెంబుతో పోసుకుంటే మనిషికి ఒక బకెట్టుతో అయిపోతుంది. ఇది నేను ఎవ్వరికీ చెప్పలేదు, ట్యాపుకి ఒక గుడ్డ చుట్టేసి "లీకవుతా ఉంది" అనేదాన్ని. ముప్పై ఏళ్ళు లీకయింది ఆ ట్యాపు.

మీ గది మాత్రం ఇవ్వద్దు. ఇది గట్టిగా చెప్తున్నా. ఒక గది వాళ్ళకి, హాలు వాళ్ళకి, మీ గది మీది. మొదటిసారి ఏమనుకుంటారో అని ఉంటుంది, రెండోసారికి వాళ్ళకీ అలవాటైపోతుంది. నేను ఇచ్చేదాన్ని, పదేళ్ళు ఇచ్చా, బుద్ధి లేక.

ఇక మీ ఇద్దరి సంగతి. మా ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆయనతో నాకు గుర్తున్న మంచి పొద్దులన్నీ చుట్టాలున్న రోజులవే, నమ్ముతావో లేదో. తెల్లవారి నాలుక్కి వాళ్ళని బస్సెక్కించడానికి ఇద్దరం పోయేవాళ్ళం. బస్సు కదిలినాక ఇంటికి వెంటనే వచ్చేవాళ్ళం కాదు. పాలకని, పూలకని చెప్పి గోవిందరాజస్వామి గుడి వీధిలో నడిచేవాళ్ళం, అప్పుడే అంగళ్ళు తెరుస్తా ఉంటారు, తులసి మాలలు గంపల్లో దిగతా ఉంటాయి, వీధి తడిపి ఉంటుంది. టీ తాగేవాళ్ళం. ఇంట్లో అత్త, మామ, మరుదులు, ఆ గంట తప్ప మాకు దొరికింది లేదు. నీకు ఇంట్లో అత్తమామలు కూడా లేరు, ఆ మూడున్నరకి లేచేది ఎట్లాగూ తప్పదు, వాళ్ళని పంపినాక మళ్ళీ ముసుగు తన్ని పడుకోకుండా ఒకసారి బయటికి పోయి చూడండి.

తెనాలి_నుంచి_తిరుమలకి:

అమ్మో, ఇది చదువుతుంటే భుజాలు తడుముకున్నాను. మీ ఇంటికొచ్చిన వాళ్ళలో నేను లేను గానీ, నేనూ ఇలాంటి చుట్టాన్నే. మా వైపు మాట కూడా వినండి.

మేం మా పిన్ని వాళ్ళింట్లో దిగుతాం, కొర్లగుంటలో. ఒకసారి వాళ్ళకి ఎందుకు ఇబ్బంది అని స్టేషన్ ఎదురుగా విష్ణునివాసంలో రూమ్ తీసుకున్నాం. దర్శనం చేసుకుని, వెళ్ళేటప్పుడు చూసిపోదామని ఇంటికెళ్తే పిన్ని మొహం మాడ్చుకుని "మా ఇల్లు చిన్నదైపోయిందా" అంది. ఆరు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. అప్పట్నుంచి రూమ్ ఆలోచనే మానేశాం. అంటే మీ ఇంట్లో దిగకపోతే మీరు బాధపడతారని మేం, మేం వస్తే బాధని బయటపెట్టకుండా మీరు. మధ్యలో సంపు ఖాళీ.

అందుకని ముందు మీరే అనాలి. "రూమ్ తీసుకోండి, ఒక పూట భోజనానికి మాత్రం మా ఇంటికి రాకపోతే ఊరుకోను" అని. భోజనానికి గట్టిగా పిలిస్తే రూమ్ మాట గుచ్చుకోదు. మీ ఆయన అంటే ఇంకా మంచిది, కోడలు అంటే దానికి నాలుగు అర్థాలు తీస్తారు మా వాళ్ళు, నాకు తెలుసు.

ఇంకోటి, మూడొందల రూపాయల దర్శనం టికెట్లు మూడు నెలల ముందే ఆన్‌లైన్లో పెడతారు కదా, రూముల కోటా కూడా ఆ దఫాలోనే వదులుతారు. టికెట్ దొరికిన రోజే తేదీ తెలిసిపోతుంది. మూడు నెలల ముందు తెలిసిన సంగతి మూడు గంటల ముందు ఫోన్ చేసి చెప్తున్నారంటే అది మా వాళ్ళ బద్ధకం, అందులో మీ తప్పు లేదు. "టికెట్ బుక్ చేసిన రోజే మాకు తేదీ పంపండి" అని మీ ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టించండి మీ ఆయనతో. ఉచిత దర్శనం స్లాటు టోకెన్లకి అప్పటికప్పుడు వచ్చి నిలబడే వాళ్ళ విషయం వేరే, వాళ్ళు ఎలాగూ టోకెన్ కౌంటర్ల చుట్టుపక్కలే ఉండాలి.

చెప్పులు తీసుకెళ్ళినాయన ఎవరో కానీ ఆయన తరఫున నేను సారీ చెప్తున్నా.

క్లియర్_మైండ్:

ఇంత చర్చ ఎందుకండీ. మీ ఇల్లు, మీ స్పేస్. కుదరదు అని సూటిగా చెప్పండి. ఒకసారి నో చెప్పడం నేర్చుకుంటే లైఫ్ మారిపోతుంది. టాక్సిక్ చుట్టాలని దూరం పెట్టాలి.

కొర్లగుంట_పెద్దమ్మ:

ఫీజులు కట్టిన వాళ్ళు ఉన్నారని ఆ అమ్మాయి రాసింది, చదివావా నాయనా? కొండకి పోయేవాళ్ళని వాకిట్లోంచి పంపిస్తే ఈ ఊళ్ళో ఇల్లు పెట్టుకుని ఏం లాభం. నీకు తిరుపతిలో ఇల్లు లేదని తెలుస్తా ఉంది.

చిత్తూరు_మామ:

మాది చిత్తూరు, కాణిపాకం పక్కనే కాబట్టి తిరుపతి వాళ్ళకి వచ్చిన చుట్టాలు మర్నాడు మా దగ్గరికి వస్తారు. అంటే మీ దగ్గర మిగిలింది మాకు.

నేను మగవాణ్ణి కాబట్టి మీ ఆయన తరఫున ఒక మాట. మేం ఫోన్లో "రండి రండి" అనేస్తాం, పని మా మీద పడదు కాబట్టి అంటాం. మా ఇంట్లో ఇది ఎలా ఆగిందంటే, ఒక ఆదివారం మా ఇంటావిడ నాకు చెప్పకుండా వాళ్ళ అక్క ఇంటికి పలమనేరు వెళ్ళిపోయింది, చుట్టాలు వస్తున్నారని తెలిసి కూడా. కొట్లాడి కాదు, నవ్వుతూనే వెళ్ళింది. ఐదుగురికి దోసెలు నేనే పోశాను. పదహారో దోసె దగ్గర నాకు జ్ఞానోదయం అయింది. అప్పట్నుంచి ఫోన్ వస్తే "ఉండండి, ఆమెని అడిగి చెప్తా" అంటున్నా. ఈ ఒక్క ముక్క మీ ఆయన నేర్చుకుంటే చాలు, వద్దని అనక్కర్లేదు.

ఇంకో ఉపాయం, ఇప్పుడు అనపకాయల సీజన్ కదా. మేం రాత్రి గింజలు నానబెట్టి, వచ్చినవాళ్ళ ముందు తట్ట పెట్టేస్తాం. టీవీ చూస్తా అందరూ పితికి తొక్క తీస్తారు. గుంటూరు వైపు వాళ్ళకి మొదట చేతకాదు, గింజ ఎగిరి సోఫా కిందికి పోతుంది, తర్వాత పందెం వేసుకుంటారు. ఇద్దరం కూర్చుంటే అరపూట పట్టే పని అరగంటలో అయిపోతుంది. పితికిపప్పు, సంగటి పెడితే వాళ్ళు ఏడాదంతా చెప్పుకుంటారు, చేసింది మాత్రం వాళ్ళే. మా ఇద్దరికి మాత్రం వేరేగా ఒక గిద్దెడు గింజలు దాచిపెడుతుంది మా ఆవిడ. అందరూ వెళ్ళినాక, సోమవారం రాత్రి, మేమిద్దరమే కూర్చుని పితుక్కుంటాం. ఆమె వాళ్ళ గురించి ఒక్కొక్కరి సంగతీ చెప్తుంది, ఎవరు ఏమన్నారు, ఎవరు ఎవరి వైపు ఎలా చూశారు. నాకు ఒక్కటీ తట్టి ఉండదు, అదే ఇంట్లో నేనూ ఉన్నా. నిజం చెప్పాలంటే చుట్టాలు రావడంలో నాకు నచ్చేది ఆ సోమవారం రాత్రే.

కొండ సంగతి అన్నారు కాబట్టి, తిరుపతి స్థానికులకి నెలలో మొదటి మంగళవారం దర్శనం 2024 డిసెంబరు నుంచి మళ్ళీ పెట్టారు కదా. ఆధార్‌లో తిరుపతి అడ్రస్ ఉండాలి. మాకు లేదు ఆ భాగ్యం. మీకుంటే ఎందుకు వదులుకుంటారు, ఆయన ఒక పూట సెలవు పెట్టలేడా?

మిద్దెమీద_ఇద్దరం:

అందరికీ థ్యాంక్స్. రెండు వారాలు గడిచాక రాస్తున్నా, మధ్యలో వైకుంఠ ఏకాదశి వచ్చి పడింది, ఆ పది రోజుల సంగతి అడక్కండి.

ఈ పోస్టు ఆయనకి చూపించాను. చదివి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "గ్రైండర్ అప్పుడు నేను చెప్పింది, ఆ రోజు నువ్వు కట్టుకున్న చీర బావుందని" అన్నారు. ఏడుగురికి చట్నీ రుబ్బుతున్న మనిషితో ఆ మాట అన్నారు, అది కూడా పాత కాటన్ చీర, కుడివైపు పసుపు మరక ఉంటుంది. సరే.

గ్రూపులో మెసేజ్ ఆయనే పెట్టారు, టికెట్ తీసుకున్న రోజే తేదీ చెప్పమని. ముగ్గురు బొటనవేలు పెట్టారు, ఒకరు దండం పెట్టారు, మిగతా వాళ్ళు చూసి ఊరుకున్నారు. వాళ్ళ బాబాయికి మాత్రం రూమ్ మాట ఫోన్లో ఆయనే చెప్పారు, భోజనానికి తప్పకుండా రావాలని కూడా. బాబాయి "సరేలేరా" అన్నారు, ఆ లే దగ్గర కొంచెం దీర్ఘం ఉంది. నాకు భయం వేసింది. భోజనానికి వచ్చినప్పుడు మొదటి పది నిమిషాలు బిగుసుకునే ఉన్నారు. అనపగింజల తట్ట ముందు పెట్టాక కొంచెం మెత్తబడ్డారు, పిన్ని అయితే మొత్తం ఒక్కతే పితికేసింది, ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. మనసులో ఇంకా ఏమైనా ఉందేమో, వచ్చే పెళ్ళిలో తెలుస్తుంది.

మా గది ఇవ్వలేదు ఈసారి ఎవ్వరికీ. ఇంకో బ్యాచ్ వస్తే హాల్లో చాపలు వేశాను. పెద్దమ్మా, ట్యాపుకి గుడ్డ చుట్టాను. కింద ఆంటీ పైకొచ్చి ప్లంబర్‌ని పిలిపిస్తానంది, ఇప్పుడు ఆమెకి ఏం చెప్పాలో మీరే చెప్పండి.

ఆ బ్యాచ్‌ని తెల్లవారి నాలుక్కి అలిపిరి దగ్గర దింపాం, వాళ్ళు 3,550 మెట్లూ నడిచి ఎక్కుతామని మొక్కుకున్నారు. సామాన్లు అక్కడే కౌంటర్లో ఇచ్చేశారు, పైకి చేరుస్తారు కదా. వాళ్ళు వెళ్ళాక ఇంటికి పోలేదు. చలి బాగా ఉంది, ఆయన స్వెటర్ తెచ్చుకోలేదు. ఒక బండి దగ్గర టీ తాగి, ఇంకో టీ తాగాం. మెట్ల దారి లైట్లు చుక్కల్లా పైకి పోతూ ఉంటే, వాళ్ళు ఇప్పుడు ఎక్కడిదాకా ఎక్కి ఉంటారో ఆయన వేలు పెట్టి చూపించారు, నేను ఇంకా కిందే ఉంటారు అన్నాను, పెద్దమ్మమ్మకి మోకాళ్ళ నొప్పులు. దాని మీద పందెం వేసుకున్నాం. నేనే గెలిచాను, ఫోన్ చేసి కనుక్కుంటే ఇంకా మొదట్లోనే కూర్చుని ఉన్నారు.

మొదటి మంగళవారానికి ఆయన సెలవు పెట్టారు. ఆధార్‌లో నాది తిరుపతి అడ్రస్సే, ఆయనది ఇంకా తెనాలి. మార్పించాలి ముందు.

బాబాయి వాళ్ళు వెళ్తూ ఎనిమిది లడ్డూలు ఇచ్చారు, ముందు బ్యాచ్‌వి ఐదు ఫ్రిజ్‌లో ఉన్నాయి. తిరుపతి వాళ్ళకి లడ్డూ ఇవ్వాలని ఎవరికి తడుతుందో తెలీదు, ఆ ఆత్రేయపురం పూతరేకులు తెస్తే ఎంత బావుంటుంది. ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు ఎవరైనా ఉంటే చెప్పండి, సాయంత్రం ఆయన తెచ్చిస్తారు. ఒక్కొక్కరికి రెండు.